ఎడమ పక్క పలకలు

బావా,

బాగున్నావా? రేపటికి నువ్వెళ్ళిపోయి ఏడాది.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పెళ్ళికి ముందు కూడా రాయలేదు. ఏటికొప్పాకలో ఉన్నన్నాళ్ళూ మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ, మేనత్త కొడుక్కి ఉత్తరమేమిటి... గోడ ఇవతల నుంచి పిలిస్తే పలికేవాడివి. ఇప్పుడెంత పిలిచినా పలకవు కాబట్టి రాస్తున్నాను. ఇవి నా జాకెట్ల ఆర్డరు పుస్తకంలో కాగితాలు. వెనక పక్క ఎవరిదో నడుము కొలతా చంక కొలతా కనిపిస్తే నవ్వకు.

నీకొక మాట చెప్పాలి. ఏడాదిగా దాన్ని దాచుకుని తిరుగుతున్నాను. మన కూతురు శాంతికి తెలియకూడదనే దాచాను. రేపు నీ జ్ఞాపకార్థ కూడికలో అది అందరి ముందూ నిలబడి వాళ్ళ నాన్న గురించి మాట్లాడుతుంది. ఈలోపు దానికి చెప్పాలా, వద్దా... అదే ఇప్పుడు నా బాధ.

ముందు ఇంటి సంగతులు చెబుతాను, ధైర్యం వచ్చేదాకా.

నువ్వు పనిచేసిన చోడవరం రోడ్డు షాపులో చెక్క తిప్పే లేతులన్నీ తీసేశారు. కంప్యూటరు మిషను పెట్టారు. మంచంకోళ్ళు అదే చెక్కి పడేస్తోందట. మందిరంలో మగవాళ్ళ వైపు ఫ్యాను కింద నీ చోట్లో ఎవరూ కూర్చోవడం లేదు. నీ మీద గౌరవమనుకుని పొంగిపోయాను. ఫ్యాను పాడైందట! శాంతి గాజువాకలోనే ఉంది, అదే ఆఫీసు. శనివారం శనివారం వస్తుంది. నేను కుడుతూనే ఉన్నాను. కుట్టు మిషను చప్పుడు ఆగితే ఇంట్లో ఉండలేకపోతున్నాను.

పడవ అయిపోయింది బావా. ఇంచుమించు.

శాంతి దాన్ని ఓడ అంటుంది. నువ్వు ఒప్పుకునేవాడివి కావు. "ఓడంటే ఓడిపోయినట్టుంటాదే. పడవ అను" అనేవాడివి. అందుకని మన ఇంట్లో అది పడవే.

నువ్వున్న చివరి క్రిస్మస్‌కి కదా శాంతి ఆ బొమ్మ పడవ కిట్టు డబ్బా తెచ్చింది. షాపు మానేశాక నీ చేతులు ఖాళీగా ఉండలేకపోతున్నాయని, ఉన్న కుర్చీల కాళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ బిగిస్తున్నావని దానికి నేనే చెప్పాను. మూత మీద మూడు తెరచాప కొయ్యలతో, చాపలన్నీ గాలికి ఉబ్బిన పడవ బొమ్మ. లోపల చూస్తే కట్టలు కట్టలుగా సన్నటి పుల్లలు, స్కేలంత పలుచటి చెక్క బద్దలు, చిటికెన వేలి గోరంత కప్పీలు, ఒక ఇంగ్లీషు పుస్తకం. "ఇది పడవేటే, పొయ్యిలోకి ఎట్టే పుల్లలు" అన్నావు. మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నావు.

పుస్తకంలో ఉన్నది శాంతి ఫోనులో తెలుగు చేసి చెప్పింది, నేను రాసి కిటికీ పక్కన అతికించాను. పడవ ఒంటికి ఆ బద్దల్నే పలకలుగా ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, మార్చి మార్చి అతికించాలి. ఒకే పక్క వరసగా వేసుకుంటూ పోతే అడుగునున్న వెన్నుకర్ర మెలి తిరుగుతుంది. ఆ పుస్తకంలో బొమ్మలన్నీ ఒక పక్కవే. రెండో పక్క దానికి అద్దంలో నీడలా మనమే ఊహించుకోవాలట.

నీకదే చిరాకు. నలభై ఏళ్ళు లేతు మీద గుండ్రటి పనే చేసినవాడివి... చపాతీ కర్రలు, ఉయ్యాల కోళ్ళు, మెట్ల కమ్మీలు. "గుండ్రటిదానికి కుడేటి, ఎడవేటి!" అనేవాడివి. లేతు మీద చెక్క తిరగాలి గాని మనిషి కదలకూడదు. పడవనీ అలాగే బిగించావు, ముక్కు కిటికీకేసి, తోక నీకేసి. ఇటు తిప్పుకుని చెయ్యొచ్చు కదా అంటే, "సెక్క ఒకపాలి బిగిత్తే పనయ్యేదాకా ఇప్పకూడదే" అన్నావు. అందుకే పడవకి ఎడమ పక్క ఎప్పుడూ నీకు ఎడమ పక్కే ఉండిపోయింది.

కిట్టులో ఇచ్చిన కొయ్యలు నీకు నచ్చలేదు. ఏటికొప్పాక వెళ్ళి, నీ తమ్ముడు సత్యం లేతు మీద అంకుడు కర్రతో మూడు కొయ్యలూ నువ్వే తిప్పి, పసుపు లక్క పూసి, మొగలి ఆకుతో రుద్ది మెరిపించి తెచ్చావు. ప్రపంచంలో ఏ సముద్రం మీదా పసుపు పచ్చ కొయ్యల పడవ ఉండి ఉండదు. వాటిని చూసి శాంతి ఫోనులో ఎంత నవ్విందో.

అవి మంచి రోజులు. వేడి నీళ్ళలో బద్దలు నానబెట్టి, పడవ ఒంటికి తగ్గట్టు వంచి, జిగురు రాసి, నా బట్టల క్లిప్పులన్నీ ఎత్తుకుపోయి బిగించేవాడివి. తడి బట్టలు దండెం మీంచి కింద పడుతున్నాయని నేను అరిచేదాన్ని. రెండు మూడు రోజులకొక పలక. నీ పక్కన కూర్చుని నేను హుక్సులు కుట్టేదాన్ని.

ఇక చెప్పాలి కదా...

ముందు కంచం దగ్గర మొదలైంది. వంకాయ కూర వడ్డిస్తే ఎడమ పక్కన వేసింది వేసినట్టే ఉండేది. నచ్చలేదేమోనని వంకాయ మానేశాను. చేపల పులుసు పెట్టినా అంతే. ఒకరోజు కంచంలో కూర ఉండగానే "కూరెయ్యవేటే?" అని అడిగావు. కళ్ళు కనబడవా అని కసిరి కంచం గిర్రున తిప్పాను. కూర కుడి పక్కకొచ్చింది. తినేశావు. అక్కడైనా నేను ఆగి ఆలోచించానా?

తర్వాత ఒక ఆదివారం. మందిరానికి బయల్దేరుతూ చూస్తే కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంది. ఇదేమిటంటే, "నువ్వు సూసే పక్కే గీసుకున్నానే" అన్నావు. పక్క మీద నేను నీకు కుడి వైపే కదా పడుకునేది... సిగ్గేసి, నవ్వేసి, తడి గుడ్డా బ్లేడూ తెచ్చి ఆ రెండో చెంప నేనే గీశాను. నీకు తెలిసే అలా అన్నావా బావా? తెలియకనా?

ఆ తర్వాత పడవ. ఎడమ పక్క పలకల మధ్య సందులు కనబడ్డాయి. ఒకటి ముక్కు దాకా వెళ్ళకుండా మధ్యలో ఆగిపోయింది. అడిగితే "అయిపోనాది, సూడవే" అని కుడి పక్క చూపించావు. నేనేం చేశాను? జాకెట్లకొచ్చిన వాళ్ళందరికీ చూపించి, లేతు పని మనిషికి కుడీ ఎడమా తెలియదని చెప్పి నవ్వించాను. నువ్వూ నవ్వావు పాపం.

బావా, నేను దర్జీదాన్ని. మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తియ్యకుండానే ఏ భుజం అరంగుళం దిగిందో చెప్పేస్తాను. ఊరంతా నా కంటిని మెచ్చుకుంటుంది. ఆ కంటికి నువ్వు కనబడలేదంటే ఎవరు నమ్ముతారు? కనబడ్డావు. అన్నీ కనబడ్డాయి. అదీ నేను దాచిన మాట.

"తలకాయ బరువుగా ఉన్నాదే" అని నువ్వన్నప్పుడు మాఘమాసం పెళ్ళిళ్ళు. ఒక్క పెళ్ళివారివే ఇరవై జాకెట్లు. శుక్లాలేమో, ఈ వారం పని తెమలనీ, కళ్ళ డాక్టరుకి చూపిద్దాం అన్నాను. ఆ వారం అయ్యాక ఇంకో వారం అన్నాను. సరేనని పడవ ముందు కూర్చున్నావు.

ఆ మంగళవారం పొద్దున్న గుమ్మం దాటబోతూ ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుని పడిపోయావు. లేవలేదు. విశాఖపట్నం తీసుకెళ్ళాం. శాంతి ఆఫీసు నుంచి అలాగే పరుగెత్తుకొచ్చింది.

డాక్టరు స్కాను చూపించారు. తలలో కుడి పక్క గడ్డ. అది అక్కడుంటే మనిషికి ఎడమ పక్కన్నవి కళ్ళు చూసినా మనసుకి అందవట. తనకి అందడం లేదన్న సంగతి కూడా ఆ మనిషికి తెలియదట. ఈ మధ్య కంచంలో ఒక పక్క అన్నం వదిలేస్తున్నారా, గడ్డం ఒక పక్కే గీసుకుంటున్నారా అని నన్ను అడిగారు.

శాంతి నా చెయ్యి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

లేదండీ, అన్నాను. బాగానే తిన్నాడు, బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పడిపోయాడు అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దాని చెయ్యి నా చేతిలో ఉంది... ఔనంటే ఆ చెయ్యి జారిపోతుందని భయమేసింది. అంతే అయ్యుంటుంది. పంతొమ్మిది రోజులు నువ్వు ఆ మంచం మీద ఉన్నావు. ఒక్కరోజైనా డాక్టరు దగ్గరికెళ్ళి, తప్పు చెప్పానండీ అనలేకపోయాను. చెబితే బతికేవాడివా? గడ్డ పెద్దదేనట, ఎన్నాళ్ళుగానో పెరుగుతోందట. ముందే వస్తే ఏమయ్యేదో ఆయనా తేల్చి చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

నువ్వు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు హఠాత్తుగా అన్నారు. చుట్టాలందరూ హఠాత్తుగా అన్నారు. శాంతి ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా అదే మాట... నాన్నకి ఒక్కరోజు కూడా ఏమీ లేదు, హఠాత్తుగా అయిపోయింది అని. నేను పక్కన నిలబడి తలూపుతాను.

పడవని పాత చీరలో చుట్టి అలమారు మీద పెట్టేశాను. వానాకాలంలో ఒక మధ్యాహ్నం దించాను. తుడుద్దామనే దించాను. మొదటిసారి దాన్ని వెలుగులోకి తిప్పి ఎడమ పక్క పూర్తిగా చూశాను.

అడుగున నాలుగు పలకలు కుడి పక్కకి సరిజోడు. ఒక్క తప్పు లేదు. అయిదో దాని కొస కొంచెం ఎత్తుగా లేచింది. ఆరోది, వంకాయ కూర వదిలేసిన వారం. ఏడోదానికీ ఆరోదానికీ మధ్య చిటికెన వేలు దూరుతుంది. ఎనిమిదోది సగం దాకా వచ్చి ఆగింది, అది ఆ ఆదివారం గడ్డం. పైన చివరి రెండూ ఒకదాని మీదకొకటి ఎక్కిపోయాయి, లోపలి అడ్డ చెక్కలు బయటికి కనిపిస్తున్నాయి. విప్పిన జాకెట్టు చూసి ఎక్కడ కుట్టు తప్పిందో చెప్పగలను కదా... అలా వరసగా చదువుకుంటూ పోయాను. ఏ రోజు నిన్ను తీసుకెళ్ళి ఉండాల్సిందో పలకలతో సహా తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నం ఎంత ఏడ్చానో నీకు తెలుసా?

అయినా బుద్ధి రాలేదు. ఎడమ పక్క గోడకేసి తిప్పి పెట్టుకుని మిగతా పని మొదలుపెట్టాను. నీ పసుపు కొయ్యలు నిలబెట్టాను. తాళ్ళకి దారాన్ని కొవ్వొత్తి మీద లాగి మైనం పట్టించాను, పోగు లేవలేదు. కిట్టులో ఇచ్చిన తెరచాప గుడ్డ పురుగు కొట్టేస్తే జాకెట్ల లైనింగు గుడ్డతో కుట్టాను. శాంతి వచ్చి చూసి మురిసిపోయింది. నాన్న పడవని ఏడాది కూడికలో బల్ల మీద పెడదామంది. అది చూసింది కుడి పక్కే.

పది రోజుల క్రితం సత్యం వచ్చాడు. పనివాడు కదా, రాగానే తిప్పి చూశాడు. నాలుక చప్పరించి, అన్నయ్య చెయ్యేనా ఇది అన్నాడు. ఎడమ పక్కంతా తడిపి విప్పేసి, కొత్త బద్దలేసి వారంలో తెచ్చిస్తానన్నాడు.

నిజం చెబుతున్నాను బావా, నాకు ప్రాణం లేచొచ్చింది. విప్పేస్తే ఇంక సాక్ష్యం ఉండదు. పడవ రెండు పక్కలా నున్నగా ఉంటుంది, నేను చెప్పింది నిజమైపోతుంది. తీసుకెళ్ళు బాబూ అని నేనే చీరలో చుట్టి ఇచ్చాను. వీధి చివరిదాకా వెళ్ళి ఆటో ఎక్కించాను కూడా!

మూడో రోజు టీచరమ్మగారి పట్టు జాకెట్టు కుడుతున్నాను. చేతులు కత్తిరించి, చంకకి పెట్టి చూస్తే ఒకటి కూర్చుంది, రెండోది కూర్చోలేదు. రెండూ ఎడమ చేతులే. గుడ్డ మడత తప్పుగా వేసి కత్తిరించాను. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. ముప్ఫై ఏళ్ళలో నేను చెయ్యలేదు. వాటిని బల్ల మీద పడేశాను, అక్కడ సత్యం నీ చేతి పనిని విప్పేస్తున్నాడని గుర్తొచ్చింది. తర్వాత తాళం వేసి, ఎలమంచిలి బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఏటికొప్పాక వెళ్ళాను.

అప్పటికే పై రెండు పలకలూ ఊడదీశాడు. కాగితం మీద ఆరబెట్టి ఉన్నాయి. మూడోదాని మీద తడి గుడ్డ వేసి ఉంది. ఆ గుడ్డ నేనే లాగేశాను. సత్యానికేమీ అర్థం కాలేదు, తన పని మీద నమ్మకం లేదనుకున్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏం చెప్పను? కూతురికి చెప్పని మాట మరిదికి ముందు చెప్పలేక, నాకు ఇలాగే కావాలి అన్నాను. ఆ రెండు పలకలూ చేతిరుమాల్లో చుట్టుకుని, పడవ ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. పక్క సీటులో ఒకావిడ, ఏటికొప్పాక బొమ్మా అని అడిగింది. అవునన్నాను. అబద్ధమా అది?

నిన్న మధ్యాహ్నం వాటిని మళ్ళీ అతికించాను. నీ చోట్లో, కిటికీకెదురుగా, నీలాగే బిగించి.

నీ జిగురు గీతలు చెక్క మీద ఇంకా ఉన్నాయి. వాటి మీదే పెట్టాలి, వంకర ఎంత ఉందో అంతే. అది ఎంత కష్టమైందో చెప్పలేను. నా చెయ్యి నాకు తెలియకుండానే సరిచెయ్యబోతుంది. వేలితో నొక్కి తిన్నగా జరుపుతుంది. మళ్ళీ వెనక్కి లాగి నీ గీత మీదకి తెచ్చుకోవాలి. రెండు పలకలకి ఒక పూట పట్టింది. నీకు ఇదంతా తిన్నగా ఉన్నట్టే అనిపించిందా బావా? అసలు ఆ పక్కన ఏదో ఉందనైనా అనిపించేదా, లేక అక్కడితో లోకం అయిపోయేదా... క్లిప్పులు పెట్టాక వాటిని పట్టుకునే కూర్చున్నాను, జిగురు ఆరేదాకా.

ఇవాళ శనివారం. శాంతి వచ్చే వేళయింది.

చెబితే ఏమవుతుందో తెలియదు. అరుస్తుందా, మాట్లాడకుండా తిరిగి బస్సెక్కేస్తుందా... నన్ను క్షమించకపోవచ్చు. నేనైతే క్షమించేదాన్నా మా అమ్మని? అయినా రేపు అది అందరి ముందూ నిలబడి, నేను చెప్పిన అబద్ధాన్నే కన్నీళ్ళు పెట్టుకుని చెబితే, కింద కూర్చుని తలూపడం నావల్ల కాదు. నీ పని చూసి, పాపం చివర్లో శ్రద్ధ తగ్గింది అని ఎవరైనా అన్నా ఊరుకోలేను. శ్రద్ధ తగ్గింది నీకు కాదు.

పడవని గోడ దగ్గర నుంచి తీసి, గుమ్మానికెదురుగా బల్ల మీద పెట్టాను. ఎడమ పక్క తలుపుకేసి.

ఆటో ఆగింది. చెప్పులు విప్పుతోంది. అలిసిపోయి వచ్చి ఉంటుంది, ముందు కాఫీ ఇస్తాను, తాగాక నెమ్మదిగా చెబుతాను...

వద్దులే బావా. కాఫీ అంటే ఆ తర్వాత అన్నం అంటాను, అన్నమయ్యాక రేపు అంటాను. ముందే చెబుతాను.

నీ రత్నం